సీజను పనివాడికీ పెన్షను ఉంది – అడిగేవారేరీ?

పదేళ్లు చెరకు మిల్లులో చేసి, నాలుగేళ్ల లెక్కతో ఇంటికి పోవద్దు
కాగితాల్లో పేరు తేడా పడితే ముసలితనంలో తిప్పలే

(మోపిదేవి విలేకరి)

మోపిదేవి: కండలున్నంత కాలం కష్టపడి, ఒంట్లో సత్తువ తగ్గాక చేతికి ఏం వస్తుందో తెలియని వారు మన దివిసీమలో కొల్లలు. చక్కెర కర్మాగారంలో సీజనుకు పోయి వచ్చినవారు, రైసు మిల్లుల్లో బాయిలరు దగ్గర చెమటోడ్చినవారు, బస్సు స్టీరింగు పట్టినవారు, బడిలో పాఠాలు చెప్పినవారు, అందరూ ఒకనాడు పని దిగవలసినవారే. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను పదేళ్ల పిల్లలుగా చూసి, చెట్టు కొమ్మ పట్టుకుని బతికి బయటపడిన తరానికి ఇప్పుడు యాభై ఎనిమిదేళ్లు నిండుతున్నాయి. యాభై ఎనిమిది అంటే భవిష్యనిధి పెన్షను చేతికి అందవలసిన వయసు.

పెన్షను అంటే సర్కారు నౌకరీ చేసినవారికే అనుకునే కాలం పోయింది. అయినా ఆ అభిప్రాయం మాత్రం పల్లెల్లో పోలేదు. ఫలితంగా, చట్టం ఇచ్చిన హక్కును చేతులారా వదులుకుంటున్నవారు ఉన్నారు. ఎవరికి ఏది వస్తుంది, ఎలా వస్తుంది, ఎక్కడ చిక్కు పడుతుంది అన్న సంగతులు మన పాఠకుల కోసం ఇక్కడ ఇస్తున్నాం.

సీజను అయినా ఏడాదే!

మన ప్రాంతంలో చెరకు సాగు పాతది. ఉయ్యూరు, లక్ష్మీపురం కర్మాగారాల పేర్లు తెలియని రైతు లేడు. లక్ష్మీపురం రోడ్డు మీద చెరకు బళ్లు బారులు తీరిన రోజులు పెద్దవారికి గుర్తే. కర్మాగారం ఏడాది పొడుగునా నడవదు. క్రషింగు మొదలైతే పని, గడ ఐపోతే ఇల్లు. నాలుగైదు నెలలు మిల్లులో, మిగతా నెలలు పొలంలో. ఇదీ సీజను కార్మికుని బతుకు.

ఇలాంటి కార్మికుడు సాధారణంగా తన సర్వీసును తనే తక్కువ చేసుకుంటాడు. పది సీజన్లు చేశాను, సీజనుకు ఐదు నెలలు, అంటే యాభై నెలలు, అంటే నాలుగేళ్ల రెండు నెలలు అని వేళ్ల మీద లెక్క కడతాడు. పెన్షనుకు పదేళ్ల సర్వీసు ఉండాలని ఎవరో చెప్పగా విని, నాకు రాదులే అని ఊరుకుంటాడు.

ఈ లెక్క తప్పు. 1995 నవంబరు 16 నుంచి అమలులోకి వచ్చిన ఉద్యోగుల పెన్షను పథకంలో ఈ విషయం స్పష్టంగా రాసి ఉంది. సీజను మీద పనిచేసేవాడు ఒక సంవత్సరంలో కొన్ని నెలలే పనిచేసి, ఆ నెలలకు చందా చెల్లించి ఉన్నా సరే, పెన్షను కోసం ఆ సంవత్సరాన్ని పూర్తి సంవత్సరంగానే లెక్కించాలి. అంటే పది సీజన్లు చేసినవాడికి పది సంవత్సరాల సర్వీసు ఉన్నట్టే. యాభై నెలలు కాదు, నూట ఇరవై నెలలు. పెన్షను రావడానికీ, రాకపోవడానికీ మధ్య ఉన్న తేడా ఈ ఒక్క వాక్యమే.

కాబట్టి చెరకు మిల్లులో సీజను పని చేసినవారు తమ చందా ఎన్ని సంవత్సరాల్లో జమ అయిందో చూసుకోవాలి. ఎన్ని నెలలు జమ అయిందన్నది తరువాతి మాట.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

ఇరవై మంది, అంతకు మించి పనిచేసే చోట భవిష్యనిధి వర్తిస్తుంది. 1952 నాటి చట్టంతో మొదలైన ఏర్పాటు ఇది. కార్మికుని జీతంలో నూటికి 12 వంతులు కోస్తారు. యజమాని మరో 12 వంతులు కలుపుతాడు. యజమాని కలిపిన దానిలో 8.33 వంతులు పెన్షను ఖాతాకు పోతాయి, మిగిలిన 3.67 భవిష్యనిధిలో కలుస్తాయి. కేంద్ర ప్రభుత్వం 1.16 వంతులు పెన్షను ఖాతాకు జోడిస్తుంది. గమనించవలసింది ఏమంటే, పెన్షను ఖాతాకు కార్మికుని జేబులోంచి పైసా పోదు. ఆ సొమ్ము యజమానిదీ, ప్రభుత్వానిదీ.

జీతం ఎంత ఎక్కువ ఉన్నా పెన్షను లెక్కకు ఒక గరిష్ఠ పరిమితి ఉంది. 2001 జూన్ నుంచి అది 6,500 రూపాయలు. 2014 సెప్టెంబరు 1 నుంచి 15,000 రూపాయలు చేశారు.

పెన్షను కట్టే సూత్రం చిన్న పిల్లవాడికి కూడా అర్థమయ్యేదే. చివరి అరవై నెలల సగటు జీతాన్ని సర్వీసు సంవత్సరాలతో హెచ్చవేసి, డెబ్బయితో భాగించాలి. ఉదాహరణకు 2015లో చేరిన ఒక కార్మికుని సగటు జీతం 14,000 రూపాయలు అనుకుందాం. పది సీజన్లు చేశాడు. పద్నాలుగు వేలను పదితో హెచ్చవేసి డెబ్బయితో భాగిస్తే 2,000 వస్తుంది. అంటే నెలకు రెండు వేల రూపాయలు, బతికి ఉన్నంత కాలం. ఒక్కొక్క సీజను అతని పెన్షనుకు రెండు వందల రూపాయలు కలిపిందన్న మాట. ఇంకొక్క సీజనుకు వెళ్లడమా, మానడమా అని ఆలోచించేవారు ఈ రెండు వందలను కూడా లెక్కలో వేసుకోవాలి.

2014కు ముందు చేసిన సర్వీసుకు పాత పరిమితి ప్రకారం విడిగా లెక్క కడతారు గనుక, పాతవారికి ఇంతకన్నా తక్కువ రావచ్చు. ఇరవై ఏళ్లు, ఆపైన సర్వీసు ఉండి యాభై ఎనిమిదికి దిగినవారికి మరో రెండు సంవత్సరాలు కలిపి లెక్క కడతారు.

తొందరపడితే నష్టం

యాభై ఏళ్లు నిండాక కూడా, పని మానేసి ఉంటే, పెన్షను అడగవచ్చు. అయితే యాభై ఎనిమిదికి ఎన్నేళ్లు తక్కువైతే, ఏడాదికి నూటికి నాలుగు చొప్పున అన్నిసార్లు కోత పడుతుంది. ఆ కోత తాత్కాలికం కాదు, ప్రాణమున్నంత వరకూ ఉంటుంది. అమ్మాయి పెళ్లికో, ఇంటి కప్పుకో డబ్బు కావాలని తొందరపడేవారు ఈ సంగతి ముందు తెలుసుకోవాలి. పైపెచ్చు, యాభై ఎనిమిది నిండినా తీసుకోకుండా అరవై దాకా ఆగినవారికి ఏడాదికి నూటికి నాలుగు చొప్పున పెంచి ఇస్తారు.

ఇంకొక పొరపాటు ఉంది. ఒక మిల్లు మానేసి వేరే చోటికి పోయేవారు, పాత ఖాతాలోని పెన్షను సొమ్ము కూడా ఊడ్చి తీసుకుంటారు. దానితో పాత సర్వీసు మట్టిలో కలిసిపోతుంది. కొత్త చోట మళ్లీ ఒకటి నుంచి మొదలు. అలా రెండు మూడు చోట్ల చేసినవాడికి మొత్తం పదిహేనేళ్ల కష్టం ఉన్నా పెన్షనుకు అర్హత ఉండదు. డబ్బు తీసుకోవడానికి బదులు స్కీము సర్టిఫికెట్ అడిగి ఇంట్లో భద్రపరచుకుంటే పాత సర్వీసు పదిలంగా ఉంటుంది. రెండింటికీ దరఖాస్తు ఒకటే, ఫారం 10సి. అందులో ఏ గడిలో గుర్తు పెడుతున్నారో చూసుకోవడం ముఖ్యం. పెన్షను కోసం పెట్టేది ఫారం 10డి.

గ్రాట్యుటీ వేరు, పెన్షను వేరు

చాలామంది ఈ రెంటినీ ఒకటిగా భావిస్తారు. గ్రాట్యుటీ అంటే యజమాని తన సొంత సొమ్ములోంచి, దిగిపోయే ఉద్యోగికి ఒక్కసారిగా ఇచ్చేది. 1972లో దీనికి చట్టం వచ్చింది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతిలో ఇప్పుడు ఆ నియమాలు చేరాయి. పదిమంది పనిచేసే చోట కూడా ఇది వర్తిస్తుంది. అందుచేత భవిష్యనిధి లేని చిన్న రైసు మిల్లులో పనిచేసే గుమాస్తాకు, డ్రైవరుకు, ఫిట్టరుకు కూడా గ్రాట్యుటీ హక్కు ఉండవచ్చు.

లెక్క ఇది. చివరి నెల జీతాన్ని ఇరవై ఆరుతో భాగిస్తే ఒక రోజు వేతనం తేలుతుంది. ఏడాది పొడుగునా పనిచేసినవారికి ఏడాదికి పదిహేను రోజుల వేతనం. జీతం 13,000 అయితే రోజుకు 500. పదిహేను రోజులకు 7,500. ఇరవై ఏళ్లకు లక్షా యాభై వేలు. సీజను కార్మికునికి మాత్రం సీజనుకు ఏడు రోజుల వేతనం చొప్పున ఇస్తారు. అదే జీతం మీద సీజనుకు 3,500, ఇరవై సీజన్లకు 70,000 రూపాయలు. గరిష్ఠ పరిమితి 2018 మార్చి 29 నుంచి ఇరవై లక్షలు.

పెన్షను విషయంలో సీజను పూర్తి ఏడాదిగా లెక్కకు వస్తే, గ్రాట్యుటీ విషయంలో సీజనుకు సగం కన్నా తక్కువే వస్తుందన్న మాట. ఈ తేడా తెలిసి ఉంటే యజమాని గుమాస్తా చెప్పే లెక్క సరైనదో కాదో కార్మికుడే చూసుకోగలుగుతాడు.

సాధారణంగా ఐదేళ్లు ఎడతెగకుండా పనిచేసి ఉండాలి. సీజను కర్మాగారంలో, అది నడిచిన రోజుల్లో నూటికి డెబ్బై అయిదు రోజులు హాజరైతే ఎడతెగని సర్వీసుగా భావిస్తారు. ఉద్యోగి మరణించినా, అంగవైకల్యం కలిగినా ఐదేళ్ల నిబంధన లేదు. గడువు పెట్టి తీసుకున్న ఉద్యోగులకు కొత్త స్మృతి ప్రకారం ఏడాది సర్వీసుకే దామాషాగా హక్కు వచ్చింది. గ్రాట్యుటీ ముప్పై రోజుల్లో చెల్లించాలి. ఆలస్యమైతే వడ్డీ కలిపి ఇవ్వాలి. ఇవ్వకపోతే కార్మిక శాఖ అధికారికి అర్జీ పెట్టుకోవచ్చు.

ఇల్లాలి హక్కు

కార్మికుడు పోతే ఇల్లాలు అనాథ కాకూడదన్నది పెన్షను పథకం ఉద్దేశం. పెన్షను తీసుకుంటూ భర్త మరణిస్తే భార్యకు సాధారణంగా అందులో సగం వస్తుంది. ఇద్దరు పిల్లల దాకా, ఇరవై అయిదేళ్లు నిండే వరకు, ఒక్కొక్కరికి భార్య పెన్షనులో నాలుగో వంతు వస్తుంది. సర్వీసులో ఉండగా మరణించినవారి విషయంలో పదేళ్ల నిబంధన లేదు. ఒక్క నెల చందా కట్టి ఉన్నా కుటుంబ పెన్షను వస్తుంది. ఇది చాలామందికి తెలియదు. దానికి తోడు, డిపాజిట్ మీద ఆధారపడిన బీమా పథకం కింద ఏడు లక్షల రూపాయల దాకా బీమా సొమ్ము వచ్చే వీలు 2021 నుంచి ఉంది. ఈ బీమాకు కార్మికుడు విడిగా ఏమీ కట్టనక్కరలేదు.

భర్త పోయిన దుఃఖంలో ఉన్న ఇల్లాలు ఇవన్నీ తెలుసుకుని అడుగుతుందా? అడగదు. పెద్దకర్మ అయ్యాక ఎవరో ఒకరు చెప్పాలి. పంచాయతీ పెద్దలు, యూనియన్ నాయకులు, తోటి కార్మికులు ఈ పని చేస్తే ఒక కుటుంబం నిలబడుతుంది.

చూపు తగ్గిన డ్రైవరు సంగతి

పని దిగేనాటి సంగతి సరే, పనిలో ఉండగానే వయసు మీద పడితే? ఆర్టీసీ డ్రైవర్లకు ఇది ఏటా ఎదురయ్యే ప్రశ్న. యాభై దాటాక చూపు మందగించవచ్చు, నడుము పట్టవచ్చు. వైద్య పరీక్షలో తప్పితే స్టీరింగు ఇవ్వరు. ప్రయాణికుల ప్రాణాల దృష్ట్యా అది న్యాయమే. అంతమాత్రాన మనిషిని ఇంటికి పంపడం న్యాయం కాదని చట్టం చెబుతోంది. సర్వీసులో ఉండగా అంగవైకల్యం కలిగిన ఉద్యోగిని ప్రభుత్వ సంస్థ తీసివేయరాదనీ, హోదా తగ్గించరాదనీ, అదే జీతంతో వేరే పని ఇవ్వాలనీ 1995 చట్టంలోనూ, దాని స్థానంలో వచ్చిన 2016 చట్టంలోనూ ఉంది. రంగులు పోల్చుకోలేని చూపు లోపంతో ఉద్యోగం పోయిన తెలంగాణ ఆర్టీసీ డ్రైవరుకు తగిన వేరే పని ఇవ్వాలని సుప్రీంకోర్టు 2025 ఆగస్టులో తీర్పు చెప్పింది.

మన అవనిగడ్డ, మచిలీపట్నం, గుడివాడ డిపోల ఉద్యోగులు 2020 జనవరి 1 నుంచి ప్రభుత్వ ఉద్యోగులయ్యారు. అంతకు ముందంతా వారు కూడా భవిష్యనిధి పెన్షను కిందనే ఉన్నారు. పూర్తి జీతం మీద పెన్షను కావాలన్న వివాదంలో 2022 నవంబరు 4న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చి, అర్హులైనవారికి ఆప్షను ఇచ్చుకునే అవకాశం కల్పించింది.

యాభై అయిదా? యాభై ఎనిమిదా?

పదవీ విరమణ వయసు అనగానే మన జిల్లావారికి 1983 గుర్తుకు వస్తుంది. ఆ ఏడు జనవరిలో నిమ్మకూరు బిడ్డ నందమూరి తారక రామారావు ముఖ్యమంత్రి అయ్యారు. గుడివాడ నుంచి కూడా ఆయన గెలిచారు. నెల తిరగకుండానే రాష్ట్ర ఉద్యోగుల పదవీ విరమణ వయసును యాభై ఎనిమిది నుంచి యాభై అయిదుకు తగ్గించారు. యాభై అయిదు నిండినవారంతా ఆ ఫిబ్రవరి 28న ఒక్కసారిగా ఇంటిదారి పట్టారు. చదువుకున్న యువకులకు చోటు ఇవ్వాలన్నది ప్రభుత్వ వాదన. పిల్లల చదువులు, ఆడపిల్లల పెళ్లిళ్లు నెత్తిన పెట్టుకుని ఉన్నపళంగా దిగమంటే ఎలాగన్నది ఉద్యోగుల గోడు.

వివాదం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1985 జనవరిలో కోర్టు ప్రభుత్వ నిర్ణయాన్ని సమర్థించింది. ఈ లోపలే, 1984 ఆగస్టులో వచ్చిన ఆర్డినెన్సుతో వయసు తిరిగి యాభై ఎనిమిది అయింది. మధ్యలో నలిగిపోయినవారి సంగతేమిటన్న ప్రశ్న మిగిలింది. 1985లోనే సుప్రీంకోర్టు మరొక తీర్పు చెప్పి, యాభై ఎనిమిది నిండనివారిని తిరిగి తీసుకోవాలనీ, నిండినవారికి పరిహారం ఇవ్వాలనీ ఆదేశించింది. ఆ తరువాత రాష్ట్ర విభజన జరిగిన 2014లో వయసు అరవై అయింది. 2022 జనవరి 1 నుంచి అరవై రెండు అయింది.

ముసలివారు దిగితేనే యువకులకు చోటు అన్న వాదన నేటికీ వినిపిస్తుంది. రెండు పక్షాలూ ఒకే ఇంట్లో ఉన్నవారే. తండ్రి జీతం ఆగితే కొడుకు చదువు ఆగుతుంది, కొడుక్కి ఉద్యోగం రాకపోతే తండ్రి పెన్షను మీద ఇల్లు నడుస్తుంది. ఈ చిక్కుముడికి వయసు ముందుకీ వెనక్కీ జరపడం ఒక్కటే మందు కాదని 1983 అనుభవం చెబుతోంది.

దయ కాదు, హక్కు

పెన్షను అనేది దొరవారు దయతలచి ఇచ్చేది కాదనీ, చేసిన సేవకు ఉద్యోగి సంపాదించుకున్న హక్కు అనీ 1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు చెప్పింది. అందుకే ఏటా ఆ తేదీన పెన్షనర్ల దినం జరుపుకుంటారు. జర్మనీ దేశంలో 1889లోనే కార్మికుల వృద్ధాప్య పెన్షనుకు చట్టం చేశారు. అప్పట్లో డెబ్బై ఏళ్లు నిండితేగాని అందేది కాదు. ఆ వయసు దాకా ఎందరు బతికి ఉంటారన్నది వేరే సంగతి.

మన రాష్ట్రంలో 2004 సెప్టెంబరు 1 నుంచి చేరిన ప్రభుత్వ ఉద్యోగులకు పాత పెన్షను లేదు. జీతంలో నూటికి పది వంతులు కట్టే చందా పెన్షను పద్ధతి వచ్చింది. ఒకే బడిలో, ఒకే తరగతి గదిలో పాఠం చెప్పిన ఇద్దరు మాస్టర్లలో ఒకరికి చివరి జీతంలో సగం పెన్షను, మరొకరికి మార్కెట్టు ఎలా ఉంటే అంత. ఉపాధ్యాయ సంఘాల ఆందోళనల తరువాత హామీ పెన్షను పేరుతో 2023లో శాసనసభ ఒక చట్టం చేసింది. పాత పెన్షనే కావాలన్న కోరికను మాత్రం సంఘాలు వదలలేదు.

వెయ్యి రూపాయల వ్యథ

అసలు బాధ ఇక్కడుంది. భవిష్యనిధి పెన్షనుదారులకు 2014 సెప్టెంబరు 1 నుంచి కనీస పెన్షను వెయ్యి రూపాయలని కేంద్రం నిర్ణయించింది. పదకొండేళ్లు గడిచి 2025 ముగిసినా అది పెరగలేదు. ప్రభుత్వ పెన్షనుదారులకు ధరలతో పాటు కరువు భత్యం పెరుగుతుంది. వీరికి ఆ భత్యమే లేదు. కనీసం 7,500 రూపాయలు చేయాలని పెన్షనర్ల సంఘాలు ఢిల్లీ దాకా వెళ్లి అడుగుతూనే ఉన్నాయి.

మరోవైపు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే వృద్ధాప్య పెన్షను 2024 జూలై 1 నుంచి నాలుగు వేల రూపాయలు అయింది. పేదవారికి అది అందడం సంతోషించవలసిన విషయమే. కాని జీవితమంతా చందా జమ అయిన కార్మికునికి వెయ్యి, ఏ చందా లేని పథకంలో నాలుగు వేలు అంటే, కార్మికునికి తన కష్టం మీదే చిన్నచూపు కలుగుతుంది. వృద్ధాప్య పెన్షనును తగ్గించమని ఎవరూ అడగరు. వెయ్యిని పెంచమనే అడుగుతారు. అది న్యాయమైన కోరిక.

వేలిముద్ర పడని చేతులు

పెన్షను మంజూరైనా తిప్పలు తీరవు. బతికే ఉన్నానని ఏటా ధ్రువపత్రం ఇవ్వాలి. 2014 నవంబరు నుంచి వేలిముద్రతో ఇచ్చే పద్ధతి వచ్చింది. నలభై ఏళ్లు చెరకు గడలు మోసి, బస్తాలు ఎత్తి, వరి కోసిన చేతులకు గీతలెక్కడివి? యంత్రం మీద వేలు పెడితే ముద్ర పడదు. ముద్ర పడకపోతే మనిషి లేనట్టే లెక్క. 2021 నుంచి ముఖం చూపి ధ్రువపత్రం ఇచ్చే వీలు కల్పించారు. పోస్టుమాను ఇంటికి వచ్చి చేసిపెట్టే ఏర్పాటు కూడా ఉంది. మంచాన పడినవారిని రిక్షాలో, ఆటోలో వేసుకుని బ్యాంకుకు తీసుకుపోనవసరం లేదు. భవిష్యనిధి పెన్షనుదారులు ఏ నెలలో ఇచ్చినా, అది ఆ రోజు నుంచి ఏడాది పాటు చెల్లుతుంది. నవంబరులోనే ఎగబడనక్కరలేదు. 2025 జనవరి నుంచి దేశంలో ఏ బ్యాంకు శాఖ నుంచైనా ఈ పెన్షను తీసుకోవచ్చు. కొడుకు దగ్గరకు హైదరాబాదు వెళ్లినా కాగితాలు బదిలీ చేయించుకునే బెడద తప్పింది.

అన్నిటికన్నా పెద్ద చిక్కు పేరులో ఉంది. బడి సర్టిఫికెట్‌లో వెంకటేశ్వర్లు, మిల్లు రిజిస్టరులో వెంకటేశ్వరరావు, ఆధార్‌లో ఇంటిపేరు ముందో వెనకో. పుట్టిన తేదీ బడిలో మాస్టరు అంచనాగా వేసింది ఒకటి, ఆధార్‌లో జూలై 1 అని పడింది ఒకటి. పని ఉన్నన్నాళ్లూ ఇవి ఎవరికీ పట్టవు. దిగిన నాడే ఒక్కొక్కటీ బయటపడుతుంది. అప్పటికి మిల్లు చేతులు మారి ఉండవచ్చు, గుమాస్తా కాలం చేసి ఉండవచ్చు, రిజిస్టర్లు చెదలు పట్టి ఉండవచ్చు. సరిచేసి సంతకం పెట్టేవాడే దొరకడు. అందుచేత యాభై దాటిన ప్రతి ఉద్యోగీ పనిలో ఉండగానే పేరు, పుట్టిన తేదీ, భార్య పేరు, నామినీ పేరు అన్నిచోట్లా ఒకటిగా ఉన్నాయో లేదో చూసుకోవాలి.

పొలం కూలీ, వల వేసేవాడు

ఇంత చెప్పినా, దివిసీమలో ఎక్కువ మంది ఏ రిజిస్టరులోనూ పేరు లేనివారే. నాగాయలంక, కోడూరు తీరంలో వల వేసేవారు, రొయ్యల చెరువుల దగ్గర కాపలా ఉండేవారు, నాట్లు వేసే ఆడకూలీలు భవిష్యనిధి ఎరుగరు. అరవై నిండితే రాష్ట్ర ప్రభుత్వ పెన్షనే దిక్కు. మత్స్యకారులకు యాభై ఏళ్లకే ఇచ్చే ఏర్పాటు మన రాష్ట్రంలో ఉంది. సముద్రం మీద మనిషి త్వరగా ముసలివాడవుతాడని గుర్తించి పెట్టిన నియమం అది.

పద్దెనిమిది నుంచి నలభై లోపు వయసున్న కూలీ యువకులు 2015లో వచ్చిన అటల్ పెన్షను యోజనలో బ్యాంకు ద్వారా చేరవచ్చు. అరవై నిండాక వెయ్యి నుంచి అయిదు వేల దాకా, కట్టిన చందాను బట్టి నెలనెలా వస్తుంది. ఆదాయపు పన్ను కట్టేవారికి ఇందులో ప్రవేశం లేదు. చిన్న వయసులో చేరితే చందా స్వల్పం. వయసు పెరిగేకొద్దీ చందా పెరుగుతుంది. నలభై దాటితే తలుపు మూసేస్తారు.

ఏం చేయాలి?

పని దిగడానికి ఏడాది ముందుగానే తమ చందా ఖాతా తీసుకుని, ప్రతి సంవత్సరం జమ పడిందో లేదో చూసుకోవాలి. ఖాళీ కనిపిస్తే యాజమాన్యాన్ని రాతపూర్వకంగా అడగాలి. నోటిమాట అడిగితే నోటిమాటే సమాధానంగా వస్తుంది. కాంట్రాక్టరు కింద చేసినవారి చందాకు కూడా అసలు యజమానిదే బాధ్యత. కాంట్రాక్టరు పారిపోయాడన్న సాకు చెల్లదు. జీతం చీటీలు, గుర్తింపు కార్డులు, ఖాతా నంబరు ఒక సంచిలో పెట్టి ఇంట్లో ఇల్లాలికి చూపించి ఉంచాలి. భవిష్యనిధి సంస్థ 2023 జనవరి నుంచి ప్రతి నెలా 27వ తేదీన జిల్లాల్లో జరిపే ఫిర్యాదుల శిబిరానికి కాగితాలతో వెళ్లవచ్చు.

అధికారులు చేయవలసింది కూడా ఉంది. ఆ శిబిరం ఎక్కడ జరుగుతుందో మోపిదేవి, చల్లపల్లి, అవనిగడ్డ ప్రజలకు ముందుగా దండోరా వేయించి తెలియజేయాలి. అప్పుడప్పుడైనా శిబిరాన్ని దివిసీమలోనే జరపాలి. మోకాళ్ల నొప్పులతో ఉన్న ముసలివారు రెండు బస్సులు మారి వెళ్లి, ఫారం చాలదని వెనక్కు రావడం శోచనీయం. ప్రతి మండల కేంద్రంలో ఫారాలు నింపిపెట్టే మనిషిని నెలకు ఒక రోజైనా కూర్చోబెడితే పెద్ద ఖర్చు కాదు.

కర్మాగారాల యాజమాన్యాలు సీజను ముగిసినప్పుడు లెక్క తేల్చి పంపే చీటీ మీదనే, ఆ కార్మికుని పేరిట ఎన్ని సంవత్సరాల పెన్షను సర్వీసు పోగుపడిందో ఒక్క ముక్క తెలుగులో రాసి ఇస్తే సగం గొడవ తీరుతుంది. సీజను అంటే ఏడాది అని చట్టం ఒప్పుకున్నాక, ఆ మాటను కార్మికుని చెవిన వేయడానికి ఎవరికీ అభ్యంతరం ఉండకూడదు.